బాడుగ టెంటుతో తలకోన దగ్గర ఒక శనివారం

తిరుపతి బైపాస్ పక్క సందులో టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, గ్యాస్ పొయ్యిలు బాడుగకిచ్చే చిన్న షాపు ఉంది. బోర్డు లేదు. పక్కన టైర్ల షాపులో అడిగితే చూపిస్తారు. కార్తీకంలో వనభోజనాలకని బంధువులందరం తలకోన వెళ్లొస్తుంటాం కానీ, మధ్యాహ్నం తిని సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. ఈసారి పిల్లలకు కొండ కింద రాత్రి ఎలా ఉంటుందో చూపించాలనుకున్నాను. ఏడాదికి ఒకసారి వాడేదానికి వేలు పోసి టెంటు కొనడమెందుకని ఈ షాపుకి వెళ్లాను.

షాపు అబ్బాయి మమ్మల్ని చూడగానే, "యాడికి పోతా ఉండారక్కా? అడివి లోపలికా, బయటనా?" అని అడిగాడు. తలకోన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది. 1989లో పార్కుగా ప్రకటించిన అడవి అది. అనుమతి లేకుండా రాత్రి అక్కడ ఉండకూడదు. పైగా శేషాచలం కొండల్లో ఎర్రచందనం దొంగల బెడద వల్ల రాత్రిపూట నిఘా ఎక్కువ. మాకంటే ముందొచ్చిన కుర్రాళ్లు జలపాతం పక్కనే వేసుకుంటామంటే, ఇవ్వనని మొహం మీదే చెప్పి పంపేశాడు. శనివారం బేరం వదులుకున్నాడు. ఆ ఒక్క పనికే నాకు అతని మీద గౌరవం కలిగింది. మేం ఉండబోయేది భాకరాపేట దాటాక, నాతో పనిచేసే టీచరుగారి మామిడి తోటలో అని చెప్పాకే టెంటు బయటికి తీశాడు.

తీసి చేతికివ్వలేదు. షాపు ముందు రోడ్డు మీద నాతోనే వేయించాడు, మళ్లీ విప్పించాడు. పై గుడ్డకీ లోపలి గుడ్డకీ మధ్య జానెడు ఖాళీ ఉండేలా తాళ్లు లాగి కట్టాలట. మన ఊపిరిలోని తేమ రాత్రి చల్లటి పై గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. రెండు గుడ్డలూ అంటుకుంటే ఆ తడి లోపలికి దిగుతుంది. వాన లేకపోయినా తెల్లారేసరికి దుప్పట్లు తడిసి ఉండడానికి కారణం అదే, చాలామంది టెంటుకి చిల్లు పడిందనుకుంటారు. కింద పరిచే పట్ట టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే వాన నీళ్లన్నీ దాని మీద పడి టెంటు కిందికే చేరతాయి. ఎండుకొమ్మలున్న చెట్టు కింద వద్దన్నాడు, వంక పక్కన అసలే వద్దన్నాడు. కొండ మీద వాన పడితే, కింద చుక్క పడకపోయినా వంక పొంగుతుంది. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచిన నీళ్లు చూసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

అర్ధరాత్రి దాటాక వాన రానే వచ్చింది. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతోనే కాబట్టి అందుకు సిద్ధపడే వెళ్లాం. గంటసేపు గట్టిగా కురిసింది. చిన్నది భయపడి నన్ను కరుచుకుని పడుకుంది, పెద్దవాడు టార్చి వేసి మూలమూలా తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. టెంటుకి నేను పూర్తి మార్కులు వేస్తాను.

స్లీపింగ్ బ్యాగులకు మాత్రం వేయలేను. నాలుగింట్లో రెండు ముక్క వాసన వచ్చాయి. ఎండలో ఆరబెట్టకుండా మడిచి పెట్టినట్టున్నారు. ఒకదాని జిప్పు సగంలోనే ఆగిపోయింది. తిరిగిచ్చేటప్పుడు చెబితే వాదించకుండా ఆ రెండింటి బాడుగ తగ్గించాడు. అయినా పిల్లలు పడుకునే వస్తువు, ముందే చూసుకోవాల్సింది. మీరు తీసుకుంటే అక్కడే విప్పి, వాసన చూసి, జిప్పు లాగి తీసుకోండి. ఇక్కడి చలికి రెండు మందపాటి దుప్పట్లు చాలు. హార్సిలీ హిల్స్ వెళ్లేవాళ్లకైతే బ్యాగులు కావాలి. 1,265 మీటర్ల ఎత్తు, తిరుపతి కంటే సుమారు ఏడు డిగ్రీలు చల్లగా ఉంటుంది.

గ్యాస్ పొయ్యి బాగా పనిచేసింది. గాలికి ఆరిపోకుండా చుట్టూ రేకు అడ్డం కూడా ఇచ్చాడు. ఎండాకుల మధ్య కట్టెల మంట వేయనక్కర్లేకపోయింది. రాత్రికి తోట కాపలా ఉండే అన్న ఇంట్లోనే రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి వండిపెట్టారు.

పొద్దున్నే టెంటు విప్పేసి తలకోన వెళ్లాం. 270 అడుగుల జలపాతం, రాత్రి వానకి బాగా నిండుగా ఉంది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర కోతులుంటాయి, తినేవి చేతిలో పట్టుకుని నడవొద్దు. రాళ్లు పాచి పట్టి ఉన్నాయి, పిల్లల్ని నీళ్లలో లోపలికి దిగనివ్వలేదు. పెద్ద వాన తర్వాత దారి మూసేస్తుంటారు కూడా, బయల్దేరే ముందు కనుక్కోండి.

నలుగురు పట్టే టెంటుకి రాత్రికి నాలుగు వందలు, బ్యాగుకి డెబ్బై, పొయ్యికి నూట యాభై. అడ్వాన్సు రెండు వేలు సోమవారం పూర్తిగా వెనక్కిచ్చాడు. తడి టెంటు తెచ్చినందుకు ఏమీ అనలేదు, వెంటనే మిద్దె మీద ఆరేశాడు. బ్యాగుల్ని కూడా అలాగే ఆరేయమని చెప్పి వచ్చాను. కార్తీక మాసంలో శనివారాలకి గిరాకీ ఎక్కువ, బుధవారానికల్లా చెప్పి పెట్టుకుంటే మంచిది.