సర్దుబాటు ఫ్యూయల్ రెగ్యులేటర్, ప్రెషర్ గేజ్ కిట్: రెగ్యులేటర్ భేష్, గేజ్‌ను మాత్రం సరిచూసుకోవాలి

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ ఇంజన్లకు బిగించుకునే ఈ కిట్‌లో పెట్రోలు ప్రెషర్‌ను అదుపులో ఉంచే అల్యూమినియం రెగ్యులేటర్, దాని ఒంటికే తగిలించే 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే ప్రెషర్ కొలత) గేజ్, బ్రాకెట్, ఫిట్టింగులు, కొంత రబ్బరు హోస్, క్లాంపులు వస్తాయి. నా పాత కారులో కంపెనీ రెగ్యులేటర్ లోపలి డయాఫ్రమ్ (సాగే పలుచని పొర) చిరిగి, వాక్యూమ్ హోస్‌లోకి పెట్రోలు దిగుతుండడంతో దాన్ని మార్చక తప్పలేదు. అప్పటికే ఇంజెక్టర్లు కూడా వేరేవి వేయించాను కాబట్టి ప్రెషర్‌ను నా చేతులతో సరిచేసుకునే వీలుంటే మేలనిపించి దీన్ని ఎంచుకున్నాను. రెగ్యులేటర్ పనితనం నాకు బాగా నచ్చింది. గేజ్ విషయంలో అంత ధీమాగా చెప్పలేను. అయితే గేజ్ చూపే అంకె సరైనది కాకపోతే ఎంత మంచి రెగ్యులేటర్‌నైనా ఊహ మీద తిప్పడమే అవుతుంది. అందుకే ఈ సమీక్షలో గేజ్‌కే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు రెగ్యులేటర్ సంగతి. లోపల ఒక స్ప్రింగ్ డయాఫ్రమ్‌ను అదిమిపట్టి ఉంచుతుంది. పెట్రోలు ప్రెషర్ ఆ స్ప్రింగ్ బలాన్ని మించగానే వాల్వ్ తెరుచుకుని, మిగులు పెట్రోలు రిటర్న్ లైన్ గుండా ట్యాంకుకు చేరుతుంది. పైనున్న స్క్రూను కుడివైపు తిప్పితే స్ప్రింగ్ బిగుసుకుని ప్రెషర్ పెరుగుతుంది, ఎడమవైపు తిప్పితే తగ్గుతుంది. పక్కనున్న సన్నని నిపుల్‌కు, ఇంజన్‌లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ మేనిఫోల్డ్ నుంచి వాక్యూమ్ హోస్ తగిలించాలి. ఇంజెక్టర్‌కు ఒకవైపు ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం), మరోవైపు మేనిఫోల్డ్ ఉంటాయి కనుక, ఎంత పెట్రోలు చిమ్ముతుందన్నది ఈ రెండు ప్రెషర్ల మధ్య తేడాను బట్టి ఉంటుంది. మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ పెరిగితే రైల్ ప్రెషర్ అంతే తగ్గాలి, టర్బో వల్ల గాలి ప్రెషర్ ఒక పీఎస్ఐ పెరిగితే రైల్‌లోనూ ఒక పీఎస్ఐ పెరగాలి. రెగ్యులేటర్ నాణ్యతకు అసలైన పరీక్ష ఇదే. నా ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా హోస్ తీసి, దాని మూతి మూసి 43 పీఎస్ఐకి, అంటే దాదాపు 3 బార్లకు సరిచేశాను. హోస్ తిరిగి తగిలించగానే ముల్లు 34 దగ్గరకు దిగి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కితే వెంటనే 43 వైపు లేచింది. మధ్యలో తడబాటు లేదు, దిగినప్పుడు అతుక్కుపోవడం లేదు. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొద్దిగా తిరిగి ప్రెషర్ మారిపోయే లోపం ఈ తరహా చవక రకాల్లో కనిపిస్తుంది. ఇందులో అది లేకపోవడం చెప్పుకోదగ్గ గుణం.

ఇక గేజ్. ముల్లు అదరకుండా ఉండేందుకు లోపల గ్లిజరిన్ నింపిన రకం ఇది. పంపు, ఇంజెక్టర్ల వల్ల ప్రెషర్‌లో వచ్చే సన్నని అదురును గ్లిజరిన్ బాగానే అణచివేస్తుంది, అంకెలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. చిక్కు వేడితో వస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 43 చూపిన గేజ్, బానెట్ కింద బాగా వేడెక్కాక అదే స్థితిలో 39 చూపసాగింది. ప్రెషర్ నిజంగా పడిపోతోందేమోనని ఫ్యూయల్ రైల్ మీదున్న సర్వీస్ వాల్వ్‌కు వర్క్‌షాపులో వాడే మరో గేజ్ తగిలించి చూస్తే, అది స్థిరంగా 43 దగ్గరే నిలిచింది. కారణం సులభమైనదే. వేడికి గ్లిజరిన్, దాని పైనున్న కొద్దిపాటి గాలి వ్యాకోచించి, మూసి ఉన్న గేజ్ పెట్టెలో ప్రెషర్ పెరుగుతుంది. లోపల ముల్లును కదిపే వంకర గొట్టాన్ని అది బయటి నుంచి నొక్కుతుంది కాబట్టి ముల్లు తక్కువ చూపుతుంది. గేజ్ నెత్తిమీద ఉన్న చిన్న రబ్బరు బిరడాను అంచు దగ్గర కొద్దిగా ఎత్తగానే సన్నగా గాలి బుస్సుమని బయటికి వచ్చి, ముల్లు నా కళ్ళ ముందే 43కు చేరింది. గేజ్ నిటారుగా ఉన్నప్పుడే ఈ పని చేయాలి, లేకుంటే గ్లిజరిన్ కారిపోతుంది. ఈ విషయం తెలియనివారు వేడి ఇంజన్ మీద 39 చూసి స్క్రూను మరో నాలుగు పీఎస్ఐ బిగిస్తే, ఇంజన్‌కు అక్కరలేని పెట్రోలు అందుతుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క మాట కూడా లేకపోవడం పెద్ద లోటు. ద్రవం నింపని గేజ్‌తో ఈ సమస్య రాదు గానీ, దాని ముల్లు మరీ అదురుతుంది.

గేజ్‌ను బానెట్ కిందనే ఉంచాలని కూడా గట్టిగా చెప్పవలసి ఉంది. ప్రెషర్‌తో ఉన్న పెట్రోలు పైపును క్యాబిన్‌లోకి తేవడం ప్రాణాంతకం. డ్యాష్‌బోర్డు మీద చూడాలనుకునేవారు విద్యుత్ సెన్సర్‌తో పనిచేసే గేజ్ కొనుక్కోవడమే మార్గం.

ఫిట్టింగులు మంచివే. పెట్రోలు వచ్చే, పోయే దారులకు ఓరింగ్‌తో సీలయ్యే రకం ఇచ్చారు, వాటి మరలకు ఏమీ పూయనక్కరలేదు. గేజ్ దగ్గర మాత్రం కొస సన్నబడే మర ఉంటుంది, అది మరల మీదే సీలవుతుంది కనుక పెట్రోలుకు తట్టుకునే సీలెంట్ పూయాలి. నీళ్ళ పైపులకు చుట్టే తెల్లటి టేపు ముక్క ఒక్కటి తెగి లోపలికి వెళ్ళినా ఇంజెక్టర్ ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. ఆ మరను బలంగా బిగిస్తే అల్యూమినియం ఒళ్ళు చిట్లే ప్రమాదమూ ఉంది. కిట్‌లోని హోస్‌ను నేను వాడలేదు. దాని మీద ఏ ప్రమాణమూ ముద్రించి లేదు. ఇంజెక్షన్ ప్రెషర్‌కు తగిన ఎస్ఏఈ 30ఆర్9 గుర్తు ఉన్న హోస్‌ను, రబ్బరును కోయని గుండ్రని అంచుల క్లాంపులను విడిగా తెచ్చి బిగించాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు పోయించుకునేవారు హోస్, ఓరింగులు, డయాఫ్రమ్ దానికి తట్టుకునేవో కాదో అడిగి తెలుసుకోవాలి.

బిగింపు కష్టమైన పని కాదు, జాగ్రత్త కోరే పని. పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అది ఆగేవరకు నడిపి రైల్ ప్రెషర్ తగ్గించాలి, ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి. అప్పటికీ పైపులో కొంత పెట్రోలు మిగిలే ఉంటుంది కనుక గుడ్డ అడ్డుపెట్టి విప్పాలి, పెట్రోలు మంటలకు పనికివచ్చే అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా ఉండాలి. రెగ్యులేటర్‌ను ఎగ్జాస్ట్‌కు దూరంగా, గేజ్ ముఖం కనిపించేలా బిగించడానికి కిట్‌లోని బ్రాకెట్ సరిపోయింది. అంతా అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేయకుండా, కీ మాత్రమే ఆన్ చేసి పంపుతో ప్రెషర్ రప్పించి, ప్రతి జాయింటునూ వేలితో తడిమి తడి లేదని నిర్ధారించుకున్న తర్వాతే స్టార్ట్ చేయాలి.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. ఇంజెక్టర్ ప్రవాహం ప్రెషర్‌తో సమానంగా పెరగదు, దాని వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 43.5 నుంచి 58 పీఎస్ఐకి, అంటే మూడో వంతు పెంచితే పెట్రోలు పెరిగేది సుమారు 15 శాతమే. పైగా ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు ఇవ్వగల పరిమాణం తగ్గుతుంది. ఏ మార్పూ చేయని ఇంజన్‌లో ఆ అదనపు పెట్రోలును ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఆక్సిజన్ సెన్సర్ సాయంతో తిరిగి కోసేస్తుంది కాబట్టి శక్తి పెరుగుతుందని ఆశపడి కొనడం వృథా. ఇంజెక్టర్లో, టర్బోనో మార్చినవారికి, నాలాగా పాత రెగ్యులేటర్ పాడైనవారికి ఇది సరైన వస్తువు. రెగ్యులేటర్ ట్యాంకు లోపలే ఉండి రిటర్న్ లైన్ లేని కార్లలో దీనికోసం కొత్తగా రిటర్న్ పైపు వేయాలి. కార్బురేటర్ ఇంజన్లకు సాధారణంగా 7 పీఎస్ఐ లోపే చాలు కనుక ఇది పనికిరాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో అధిక ప్రెషర్ వైపు దీన్ని తగిలించడం మహా ప్రమాదకరం, అక్కడ ప్రెషర్ వందల బార్లకు చేరుతుంది.

గేజ్ ఎప్పుడూ కళ్ళెదుట ఉండడం వల్ల మరో లాభం కలిగింది. ఇంజన్ ఆపాక ముల్లు ఎంతసేపు నిలుస్తుందో గమనించడం అలవాటైంది. ప్రెషర్ చప్పున సున్నాకు పడిపోతే పంపులో పెట్రోలును వెనక్కి పోనివ్వని చెక్ వాల్వ్, కారుతున్న ఇంజెక్టర్, రెగ్యులేటర్ వాల్వ్ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని అనుమానించాలి. రిటర్న్ హోస్‌ను మెత్తటి క్లాంపుతో నొక్కిపట్టినప్పుడు ముల్లు నిలబడితే దోషం రెగ్యులేటర్‌దే. నొక్కినా ముల్లు దిగుతూనే ఉంటే పంపు, ఇంజెక్టర్లలో వెతకాలి. నా కారులో ఇంతవరకు ఇంజన్ ఆపాక ముల్లు చాలాసేపు నిలుస్తోంది, బిగించిన జాయింట్లలో ఒక్కటీ చెమర్చలేదు.