బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్: తెలుగు మీడియం వాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తాను. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది కానీ వింటే సగం పోతుంది, మాట్లాడాలంటే నోరు పెగలదు అనేవాళ్లకు బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌ని మించిన ఉచిత సాధనం నాకైతే ఇప్పటిదాకా కనిపించలేదు. ‘ఈజ్’ ఎక్కడ పెట్టాలి, ‘ఆర్’ ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర నుంచి మొదలుపెట్టాల్సినవాళ్లు మాత్రం దీనితో మొదలుపెట్టకండి, రెండు రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తారు. మా పిన్ని కూతురు పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇప్పుడు డిగ్రీలో ఉంది, దానితో కూర్చుని దీన్ని చాలా రోజులుగా వాడుతున్నాను కాబట్టి ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అనేది కాస్త వివరంగానే రాస్తున్నాను.

బీబీసీ రేడియోలో ఇంగ్లిష్ నేర్పడం 1943లో మొదలైంది. ఇప్పుడు అదే పని వెబ్‌సైట్‌లో, యూట్యూబ్‌లో, పాడ్‌కాస్ట్‌లుగా జరుగుతోంది. ఫీజు లేదు. అకౌంట్ తెరవకుండానే ఆడియో వినొచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, చాలా పాఠాలకు స్క్రిప్టు పీడీఎఫ్‌గా దొరుకుతుంది. గ్రామర్, వొకాబులరీ, ఉచ్చారణ, వార్తలు, నాటకాల్లాంటివి, ఇలా బోలెడు విభాగాలు ఉన్నాయి. అన్నీ ఒకే స్థాయిలో లేవు, అన్నీ మనకు అవసరమూ లేదు.

అసలు విషయం ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’. ఇది ఒక్కటి పట్టుకున్నా చాలు. ఇద్దరు ప్రెజెంటర్లు ఒక విషయం తీసుకుని మాట్లాడుకుంటారు. నిద్ర కావచ్చు, తిండి కావచ్చు, వాతావరణం, కొత్త టెక్నాలజీ, డబ్బు, ఏదైనా కావచ్చు. మొదట్లో ఒకరు ఇంకొకరిని ఓ ప్రశ్న అడిగి మూడు ఆప్షన్లు ఇస్తారు, జవాబు మాత్రం చివర్లోనే చెబుతారు. మధ్యలో ఆ విషయం తెలిసినవాళ్లు వేరే బీబీసీ కార్యక్రమాల్లో మాట్లాడిన చిన్న చిన్న ముక్కలు వినిపిస్తారు. ప్రెజెంటర్లు మన కోసం కాస్త స్పష్టంగా, నిలిపి మాట్లాడతారు, ఆ ముక్కల్లో మాట్లాడేవాళ్లు మాత్రం తమ మామూలు వేగంలో, తమ మామూలు యాసలో మాట్లాడతారు. ఈ రెండూ పక్కపక్కన ఉండటమే ఈ కార్యక్రమంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. ఇంగ్లిష్ నేర్పే వీడియోల్లో చాలావాటిలో అంతా నెమ్మదిగా, విడదీసి మాట్లాడతారు, అది విని ‘నాకు బాగానే అర్థమవుతోంది’ అనుకుని ఆఫీసులో క్లయింట్ కాల్‌లో కూర్చుంటే ఒక్క ముక్క చెవికెక్కదు. ఇక్కడ ఆరు నిమిషాల్లోనే ఆ తేడా తెలిసిపోతుంది.

మా చెల్లి మొదటిసారి విన్నప్పుడు “అక్కా, వీళ్లు సగం మాటలు మింగేస్తున్నారు” అంది. నిజమే, మింగేస్తారు. ఇంగ్లిష్‌లో అర్థం మోసే మాటల్ని గట్టిగా పలికి, ‘టు’, ‘ఆఫ్’, ‘ఫర్’, ‘కెన్’ లాంటి చిన్న మాటల్ని దాదాపు ఊపిరితో తేల్చేస్తారు. ‘ఐ కెన్ డూ ఇట్’ అన్నప్పుడు ఆ ‘కెన్’ మనకు ‘క్న్’లా వినిపిస్తుంది, బలం అంతా ‘డూ’ మీద పడుతుంది. అదే ‘చేయలేను’ అనాలంటే ‘కాంట్’ మీద కూడా బలం పడుతుంది. మన బళ్లలో ప్రతి మాటనూ సమానంగా, పూర్తిగా పలకడం నేర్పారు కాబట్టి ‘కెన్’ స్పష్టంగా వినబడితే తప్ప అది ఉందని మనకు తెలియదు. దీన్ని పుస్తకం చదివి నేర్చుకోవడం కుదరదు, స్క్రిప్టు ఎదురుగా పెట్టుకుని చెవితోనే పట్టుకోవాలి.

స్క్రిప్టు గురించి ఒక చిన్న విషయం. పీడీఎఫ్ పైన ఇది అక్షరం పొల్లుపోకుండా రాసినది కాదని వాళ్లే ఒక గమనిక పెడతారు. అంటే ఆడియోకూ అచ్చుకూ అక్కడక్కడా చిన్న తేడా ఉంటుంది. మొదట్లో దీనివల్ల కాస్త అయోమయంగా ఉంటుంది, తర్వాత అదే మంచి పరీక్ష అయిపోతుంది. ఎక్కడ తేడా ఉందో పెన్సిల్‌తో గీత గీయమని చెల్లికి చెప్పాను. అది గీస్తోందంటే నిజంగా వింటోందన్నమాట, ఊరికే అక్షరాల వెంట కళ్లు పరిగెత్తించడం లేదు. మేము వాడే పద్ధతి కూడా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు: ముందు స్క్రిప్టు చూడకుండా ఒకసారి వినడం, తర్వాత చూస్తూ వినడం, ఆపైన ఒక్కో వాక్యం దగ్గర ఆపి అదే ఊపులో పైకి అనడం, చివరికి పుస్తకం మూసేసి ఏం విన్నామో నాలుగు వాక్యాల్లో చెప్పడం. కొత్త ఎపిసోడ్ కోసం పరుగెత్తకుండా ఒక్కదాన్నే వారమంతా నలిపితే వచ్చే లాభం రోజుకో ఎపిసోడ్ వింటే రాదు, ఈ మాట మీద నాకు ఏ సందేహమూ లేదు.

ఉచ్చారణ విభాగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్లకు అవసరమైన సరుకు ఇక్కడే ఉంది, కాకపోతే మనకోసం అని బోర్డు పెట్టి ఉండదు. ఇంగ్లిష్‌లోని 44 ధ్వనుల పట్టిక, ఒక్కోదానికి నోరు ఎలా కదులుతుందో చూపించే చిన్న వీడియోలు ఉన్నాయి. మన సమస్యలు మనకు తెలుసు. తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్ బస్సవుతుంది, రోడ్ రోడ్డవుతుంది, తెలుగులో మాట్లాడుతున్నంతసేపూ అది మన హక్కు. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కూడా అదే అలవాటు నాలుక మీద ఉండిపోతే ఎదుటివాడికి ఇబ్బంది. ‘వర్క్’, ‘ప్లే’, ‘వాంట్’ మూడింటికీ గతకాలంలో చివర ‘ఈడీ’ అనే ఒకటే స్పెల్లింగ్ చేరుతుంది, పలికేటప్పుడు మాత్రం వర్క్‌ట్, ప్లేడ్, వాంటిడ్ అని మూడు రకాలు. మనవాళ్లు చాలామంది ‘వర్కెడ్’, ‘హెల్పెడ్’ అంటారు, నేను చూసిన చాలా ఇంటర్వ్యూల్లో ఇది వినిపించింది. వీటిని పక్కపక్కన పెట్టి విని, వెంటనే అనడం మొదలుపెట్టాక చెల్లి మాటలో తేడా నాకే స్పష్టంగా తెలిసింది.

‘వెస్ట్’ అని తెలుగులో రాస్తే పడమరా, లోపల వేసుకునే బనియనా తెలియదు, ఎందుకంటే ఆ రెండు ధ్వనులకీ మనకు ఒకటే ‘వ’. పడమరలోని ‘వ’కి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, బనియన్‌లోని ‘వ’కి పైపళ్లు కింది పెదవికి తగలాలి. ఇది వీడియోలో చూస్తే నిమిషంలో అర్థమవుతుంది, నోటితో వర్ణిస్తే గంటైనా అర్థం కాదు. అలాగే ఎల్, ఎమ్ అక్షరాలను యెల్, యెమ్ అనడం. ఇక ఎక్కడ బలం పెట్టాలన్నది మరీ ముఖ్యం. ఫోటోగ్రాఫ్‌లో బలం మొదటి ముక్క మీద, ఫొటాగ్రఫర్‌లో రెండోదాని మీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద. బలం లేని ముక్కల్లో అచ్చు తేలిపోయి ‘ష్వా’ అనే పొట్టి ధ్వని మిగులుతుంది. బనానా అన్న మాటలో మధ్య ‘నా’ ఒక్కటే నిండుగా వినిపించి, అటూ ఇటూ ఉన్నవి నీరసంగా ఉండేది అందుకే. ఈ ష్వా ఒక్కటి పట్టుబడితే వినడం, మాట్లాడటం రెండూ తేలికవుతాయి. లండన్ వీధుల్లో మామూలు జనం చేత ఒక ప్రశ్నకు జవాబు చెప్పించి, వాళ్ల మాటల్లో ఏ ధ్వని ఎలా మారిపోయిందో చూపించే ఉచ్చారణ వీడియోల వరస కూడా ఉంది, అది తప్పకుండా చూడండి. ‘నెక్స్ట్ వీక్’ అన్నప్పుడు మధ్యలో ‘ట్’ ఎలా మాయమవుతుందో ఒకసారి తెలిశాక మళ్లీ ఎక్కడ విన్నా గుర్తుపడతారు.

బ్రిటిష్ యాస మనకెందుకు అని అడిగేవాళ్లుంటారు. యాస కోసం కాదు, నేనూ చెల్లిని లండన్ పిల్లలా మాట్లాడమనడం లేదు. మన యాస మనకు ఉండొచ్చు, ఎదుటివాళ్లకు స్పష్టంగా అర్థమైతే చాలు.

వొకాబులరీ విషయానికొస్తే, ప్రతి ఎపిసోడ్‌లో ఆరేడు మాటలు, పదబంధాలు తీసుకుని మాటల మధ్యలోనే వివరిస్తారు, చివర్లో మళ్లీ గుర్తుచేస్తారు. జాబితా బట్టీపట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. ‘ది ఇంగ్లిష్ వీ స్పీక్’ అని వాడుక మాటల మీద ఇంకో వరస ఉంది, సరదాగా ఉంటుంది కానీ అందులో చాలావరకు బ్రిటన్ కుర్రకారు భాష. హైదరాబాద్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు అవి అర్థం చేసుకుంటే చాలు, వాడాల్సిన పని లేదు.

గ్రామర్ దగ్గరే నా అసంతృప్తి. పాఠాలు చెడ్డవి కావు. ఉదాహరణలు బాగుంటాయి, చిన్న క్విజ్‌లు ఉంటాయి, లోయర్ ఇంటర్మీడియట్ నుంచి టువర్డ్స్ అడ్వాన్స్‌డ్ దాకా వరసగా కోర్సులున్నాయి. కానీ వివరణ అంతా ఇంగ్లిష్‌లోనే, అది ప్రపంచంలో అందరి కోసం తయారైంది. తెలుగువాళ్లు ఎక్కడ తడబడతారో దానికి తెలియదు. మనం ‘చూశాను’ అని ఒక్కటే మాట వాడే చోట ఇంగ్లిష్‌లో ‘ఐ సా’ వస్తుంది, ‘ఐ హావ్ సీన్’ కూడా వస్తుంది. అందుకే మనవాళ్లు ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అనేస్తారు. నిన్న అని రోజు చెప్పేశాక ‘హావ్’ కుదరదు అని తెలుగులో రెండు వాక్యాల్లో చెప్తే పదో తరగతి పిల్లకి కూడా అర్థమవుతుంది. ‘ఐ హావ్’ అనాల్సిన చోట ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అనడం కూడా ఇలాంటిదే. ‘ఎ’, ‘ది’ల సంగతి సరేసరి, మన భాషలో అవి లేనే లేవు. కాబట్టి గ్రామర్‌కి మన భాష తెలిసిన మాస్టారో, తెలుగులో వివరించే మంచి పుస్తకమో పక్కన ఉండాల్సిందే. ఆ తర్వాత సాధన చేయడానికి బీబీసీ పాఠాలు బాగుంటాయి.

రీడింగ్ కాంప్రెహెన్షన్‌కి దీనికంటే బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల లెర్న్‌ఇంగ్లిష్ సైటు మేలు. అక్కడ ఎ1 (మొదటి మెట్టు) నుంచి సీ1 (అడ్వాన్స్‌డ్) దాకా స్థాయిల వారీగా పాఠాలు, చదవడానికి ముందు మాటల మీద ఒక అభ్యాసం, చదివాక ప్రశ్నలు ఉంటాయి, అదీ ఉచితమే. మీ స్థాయి తెలియకపోతే ఎ2తో మొదలుపెట్టి చూడండి, మరీ తేలికగా అనిపిస్తే పైకి వెళ్లొచ్చు. బ్యాంకు పరీక్షలకు మాత్రం ఈ రెండూ సరిపోవు. చాలా బ్యాంకు పరీక్షల ప్రిలిమ్స్‌లో (మొదటి దశలో) ఇంగ్లిష్‌కి 20 నిమిషాల్లో 30 ప్రశ్నలు చేయాలి, ఆ వేగం పాత పేపర్లు పెట్టుకుని చేస్తేనే వస్తుంది.

ఇంకో లోటు, మీరు మాట్లాడితే తప్పు దిద్దేవాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. అది కోచింగ్ సెంటర్‌లో దొరుకుతుంది అంటారు. దొరికే చోట దొరుకుతుంది. చెల్లి స్నేహితురాలు చేరిన ఓ చోట డెబ్బై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి, బోర్డు మీద టెన్సుల పట్టిక రాసి, అందరి చేతా ఒకేసారి అనిపించేవాళ్లట. ఒక్కొక్కళ్లకి నోరు తెరిచే అవకాశం రానప్పుడు వేలు పోసి ఏం లాభం? అదే డబ్బు లేకుండా ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసుకుని, ఆడియో పక్కన పెట్టి వినండి. మొదట్లో సొంత గొంతు వినడానికి సిగ్గేస్తుంది, అయినా వినండి. ఎక్కడ బలం తప్పింది, ఎక్కడ చివర ఉకారం చేరింది అన్నది చాలావరకు మీ చెవికే దొరికిపోతుంది. ఇంట్లో ఇంకొకరు తోడుంటే మరీ మంచిది, ఒకరు ఒక ప్రెజెంటర్, రెండోవాళ్లు ఇంకో ప్రెజెంటర్‌గా స్క్రిప్టు చదవచ్చు. మేము వంట చేస్తూ కూడా చేస్తాం.

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లకు మాత్రం ఇది చాలా గట్టిగా సిఫారసు చేస్తాను. అక్కడ లిజనింగ్‌లో 40 ప్రశ్నలకు ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, వెనక్కి తిప్పే వీలుండదు, కాబట్టి మొదటి వినికిడిలోనే విషయం పట్టుకునే అలవాటు ముందే ఉండాలి. స్క్రిప్టు లేకుండా వినే ఆ మొదటి ఆరు నిమిషాలను పరీక్షలాగే తీసుకోండి, మధ్యలో ఆపకండి.

సైటులో పాత సిరీస్‌లు, కొత్తవి కలిసి ఉండటంతో మొదట్లో ఎటు వెళ్లాలో తెలియదు. అన్నీ తెరిచి చూడాలనే ఆశ పెట్టుకోకుండా సిక్స్ మినిట్ ఇంగ్లిష్ పేజీకి వెళ్లి, మీకు ఇష్టమైన విషయం మీద ఉన్న ఒక ఎపిసోడ్ ఆడియో, పీడీఎఫ్ రెండూ దించుకోండి. వీడియో కంటే ఆడియోకి డేటా చాలా తక్కువ పడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, మాటల చివర హల్లులు ఫోన్ స్పీకర్‌లో సరిగా వినిపించవు.