జెట్ కొనేవాళ్లు జాగ్రత్త: స్టాండ్‌బై బ్యాటరీ 'పాస్' అని రాసిస్తే నమ్మకండి

నిన్నటి నుంచి ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. పాత బిజినెస్ జెట్ ఒకటి కొన్నాం, కొనే ముందు తనిఖీని ఒక మెయింటెనెన్స్ సెంటర్‌కి అప్పగించాం. ఎవరో ఈ లైన్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. స్టాండ్‌బై బ్యాటరీకి కెపాసిటీ టెస్ట్ (లోడ్ ఇచ్చి ఎంతసేపు నడుస్తుందో చూడటం) అయిందని, పాస్ అని రాసి సంతకం పెట్టారు.

విమానం చేతికొచ్చాక మా మెకానిక్ ఎందుకైనా మంచిదని ప్యానెల్ తీశాడు. బ్యాటరీని బిగించిన స్క్రూల మీద ఎర్ర సీలు గీత ఉంటుంది కదా, అది ఎక్కడా చిట్లలేదు, దాని మీద దుమ్ము కూడా పేరుకుపోయి ఉంది. కనెక్టర్ విప్పితే పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము. అంటే బ్యాటరీని అసలు కదపనే లేదు! బెంచ్ మీద పెట్టి లోడ్ ఇస్తే 11 నిమిషాలకే చచ్చిపోయింది. జనరేటర్లన్నీ పోయినా స్టాండ్‌బై హొరైజన్ అనే మీటర్‌ని కనీసం 30 నిమిషాలు నడపాల్సిన బ్యాటరీ అది. రాత్రిపూట మబ్బుల్లో ఉన్న పైలట్‌కి రెక్కలు సమంగా ఉన్నాయో లేదో అప్పుడు చెప్పేది ఆ మీటరొక్కటే.

తనిఖీ చేసిన సెంటర్ అతనికి ఫోన్ చేశాను. "టెస్ట్ బటన్ నొక్కితే పచ్చ లైటు వచ్చింది సార్, ఇంకేం కావాలి? అయినా అది వాడే అవసరం ఎప్పుడొస్తుంది చెప్పండి" అన్నాడు. ఆ మాటకి నాకు నోరు పెగల్లేదు. లోడ్ లేనప్పుడు అరిగిపోయిన బ్యాటరీ కూడా వోల్టేజి చూపిస్తుంది, అది ఎంతసేపు నిలబడుతుందో పచ్చ లైటు చెప్పదు, ఈ సంగతి అతనికి నాకంటే బాగా తెలుసు. గట్టిగా అడిగితే "రిపోర్టు చదివే కదా తీసుకున్నారు" అని ఫోన్ పెట్టేశాడు.

చదివాను, నిజమే. డిశ్చార్జ్ షీట్ (ఆ కెపాసిటీ టెస్ట్ లెక్కలు రాసే కాగితం) ఏదని ఒక్క మాట అడగలేదు, ఆ తప్పు నాదే. మా పైలట్లు ఇద్దరూ ఈ విమానాన్ని ఇంటికి తెచ్చింది రాత్రిపూట, అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. అదే రిపోర్టులో ర్యామ్ ఎయిర్ టర్బైన్ (ఎమర్జెన్సీలో బయటికి దిగి గాలికి తిరిగి కరెంటు ఇచ్చే చిన్న ఫ్యాన్) కూడా ఓకే అని ఉంది. దాన్ని కిందికి దించి చూశారని ఇప్పుడు ఎలా నమ్మను? ఎమర్జెన్సీ లైట్ల బ్యాటరీలతో సహా అన్నీ మళ్లీ చేయిస్తున్నాం.

మీరు మాత్రం డిశ్చార్జ్ షీట్ చూడకుండా డబ్బు కట్టకండి. ఎంత లోడ్ మీద ఎన్ని నిమిషాలు నడిచింది, ఏ వోల్టేజి దగ్గర ఆపారు అన్నీ అందులో ఉండాలి, షీట్‌లోని సీరియల్ నంబరు విమానంలో ఉన్న బ్యాటరీదేనా అని చూసుకోండి. వీలైతే బ్యాటరీ విప్పేటప్పుడు మీ మనిషి పక్కనే ఉండాలి.