టైమౌట్ సరే, తాళం ఎవరేసినట్టు?

చీమకుర్తి గ్రానైట్ యూనిట్ ఒకదానికి స్లాబుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. ఒంగోలు నుంచి నేనే చూసుకుంటాను. లెక్కలు దాచే డేటాబేస్ మొదటి మూడేళ్లు మైఎస్‌క్యూఎల్, తర్వాత ఐదేళ్లుగా పోస్ట్‌గ్రెస్. వేగం సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువగా ఏడిపించినవి, గడువు దాటింది ఇక ఆగనని డేటాబేస్ చెప్పే టైమౌట్ మెసేజ్‌లే.

మైఎస్‌క్యూఎల్‌లో ఎర్రర్ 1205. ‘లాక్ వెయిట్ టైమౌట్ ఎక్సీడెడ్, ట్రై రీస్టార్టింగ్ ట్రాన్సాక్షన్’. ఒకరు మారుస్తున్న రికార్డుకు లాక్ పడుతుంది, అది వదిలేదాకా దాన్ని మార్చాలనుకునే మిగతావాళ్లు ఆగాలి. గడువు సెట్టింగ్ మనం మార్చకపోతే 50 సెకన్లు ఆగాక ఈ మెసేజ్ వస్తుంది. లారీ లోడయ్యి బయట నిలబడి ఉంటే గుమాస్తా ఫోను: "అన్నా, లాక్ అంటా ఉంది, తాళం ఎవరేశారన్నా?" ఆ ముక్క మెసేజ్‌లో లేదు. పైగా అది చదివి ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా జరగాల్సిన మార్పులు) మొత్తం వెనక్కి పోయిందనుకున్నాను. మామూలు సెట్టింగ్‌లో పోయేది లాక్ దగ్గర ఆగిన ఆ ఒక్క స్టేట్‌మెంటే, అంటే ఆ ఒక్క ఆదేశమే. నా కోడ్ మిగతా మార్పులకు కమిట్ కొట్టేసింది, అంటే ఖాయం చేసేసింది. బిల్లు పడింది, స్టాక్ తగ్గలేదు. తప్పు నాదే, రెండు రాత్రులు కూర్చుని సరిచేశాను.

పోస్ట్‌గ్రెస్ ఈ విషయంలో నయం. లాక్ కోసం ఆగి గడువు దాటిందా (లాక్ టైమౌట్), ఆదేశం మొత్తంగా గడువు దాటిందా (స్టేట్‌మెంట్ టైమౌట్) అన్నది విడిగా చెబుతుంది. లాగ్_లాక్_వెయిట్స్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే, ఫలానా ప్రాసెస్ (ఒక్కో కనెక్షన్‌కి ఒకటి ఉంటుంది) ఇంకా ఆగే ఉందని, ఎన్ని మిల్లీసెకన్లయిందో, లాక్ ఎవరి దగ్గరుందో నంబర్లతో సహా లాగ్‌లో రాస్తుంది. మా దొంగ అలాగే దొరికాడు: కొలతల స్క్రీన్ తెరిచి టీకి వెళ్లిన మనిషి!

దీనికీ ఒక తిక్క ఉంది. జావా ప్రోగ్రామ్ వైపు నుంచి క్వెరీకి టైమౌట్ పెడితే ‘క్యాన్సిలింగ్ స్టేట్‌మెంట్ డ్యూ టు యూజర్ రిక్వెస్ట్’ అంటుంది. ఏ యూజరయ్యా అడిగింది? జావాని డేటాబేస్‌కి కలిపే డ్రైవర్ సాఫ్ట్‌వేరే క్యాన్సిల్ పంపింది. స్టేట్‌మెంట్ టైమౌట్‌కీ దీనికీ ఎర్రర్ కోడ్ ఒకటే, 57014. తేడా తెలియాలంటే వాక్యం చదవాల్సిందే.

చివరికి మెసేజ్ నేనే రాసుకున్నాను. బిల్లు ఆగి ఉండగానే ఇంకో కనెక్షన్‌తో, అడ్డుపడ్డ ప్రాసెస్ నంబర్లు చెప్పే పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అనే పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్‌ని అడిగి, ఆ కనెక్షన్‌కి అప్లికేషన్ నేమ్‌గా నేను పెట్టిన కౌంటర్ పేరు తెస్తాను. "ఈ స్లాబ్ కొలతల కౌంటర్‌లో తెరిచి ఉంది. 10 సెకన్లు చూశాం. మీ బిల్లు సేవ్ కాలేదు."

ఇప్పుడు గుమాస్తా నాకు ఫోన్ చేయడం లేదు, కొలతల గది వైపు తిరిగి కేకేస్తున్నాడు.