మారంగుకా, బర్క్: పోలీసులు వచ్చి వెళ్లిన తర్వాత మొదలయ్యే సేవ

ఆస్ట్రేలియాలో గృహహింసకు గురైన వలస కుటుంబాల మహిళలకు అండగా నిలిచే ఒక చిన్న సంస్థలో నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ పని మీదనే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, సిడ్నీకి సుమారు 800 కిలోమీటర్ల దూరాన, డార్లింగ్ నది ఒడ్డున ఉన్న బర్క్ అనే ఊరికి వెళ్లివచ్చాను. అక్కడి ఆదివాసులు తమ కోసం తామే ఏర్పాటు చేసుకున్న మారంగుకా అనే సేవను గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. అక్కడి ఆదివాసుల న్గెంబా భాషలో ఆ మాటకు పదిమంది బాగోగులు చూడడమని అర్థం.

బర్క్ జనాభా 3,000 లోపు. అందులో దాదాపు మూడో వంతు ఆదివాసులు. ఒకప్పుడు తలసరి నేరాల లెక్కన ప్రపంచంలోనే అత్యంత ప్రమాదకరమైన ఊళ్లలో ఇదొకటని 2013లో పత్రికలు రాశాయి. దుకాణాలకు బిగించిన ఇనుప షట్టర్లు ఆ రోజులను నేటికీ గుర్తుచేస్తాయి. దేశమంతటా చూసినా పరిస్థితి బాధాకరమే. కుటుంబ హింసలో గాయపడి ఆసుపత్రిలో చేరే ఆదివాసీ మహిళల నిష్పత్తి ఇతర మహిళలతో పోలిస్తే 30 రెట్లకు పైగా ఉంటుందని ప్రభుత్వ ఆరోగ్య గణాంకాలు చెబుతున్నాయి. మరోవైపు దేశ జనాభాలో నాలుగు శాతానికి మించని ఆదివాసులు ఖైదీలలో మాత్రం దాదాపు మూడో వంతు ఉన్నారు. శిక్షతోనే హింస తగ్గేదైతే, ఇంతమందిని జైళ్లలో పెట్టిన తర్వాత ఆ ఇళ్లలో ఇంత రక్తం కారకూడదు కదా అన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది.

మారంగుకా సేవకు పునాది ఈ ప్రశ్నే. జైళ్ల మీద వెచ్చించే సొమ్మును, మనిషి జైలు దాకా పోకముందే అతని ఊరి మీద, అతని కుటుంబం మీద వెచ్చించాలన్నది దీని ఆలోచన. సుమారు 2013 నుంచి రూపుదిద్దుకున్న ఈ ప్రయత్నానికి అలిస్టర్ ఫెర్గూసన్ అనే స్థానిక ఆదివాసీ నాయకుడు ముందు నడిచారు. నిర్ణయాలలో ఆ ఊరి ఆదివాసుల మండలి అయిన బర్క్ ట్రైబల్ కౌన్సిల్ మాటకు విలువ ఉంది. బయటి నిపుణులు వచ్చి రాసిచ్చిన పథకం కాకపోవడమే దీనికి బలమని నా అభిప్రాయం.

గృహహింస విషయంలో ఈ సేవ చేసే పనులలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఒకటుంది. ఒక ఇంట్లో హింస జరిగినట్టు ఫిర్యాదు నమోదైతే, 48 గంటల లోపు పోలీసులు మళ్లీ ఆ ఇంటికి వెళతారు. ఈ రెండో రాక కేసు రాయడానికో, మనిషిని పట్టుకుపోవడానికో కాదు. ఆమె ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు, అతను ఏ స్థితిలో ఉన్నాడు, ఏ సాయం అందితే రేపు మళ్లీ ఇదే జరగకుండా ఉంటుంది అని అడగడానికి. గొడవ జరిగిన రాత్రి వచ్చిన పోలీసు వేరు, రెండు రోజుల తర్వాత గుమ్మంలో నిలబడి క్షేమం అడిగే పోలీసు వేరు. చేయి చేసుకున్నవాడికి కూడా ఆ రెండో రాకతో, ఊరు తనను గమనిస్తూనే ఉందని తెలుస్తుంది.

దీని విలువ నాకు ఎందుకు అంతగా తెలిసిందో చెప్పాలి. మా సంస్థకు ఫోన్ చేసే తెలుగు అమ్మాయిల్లో కొందరు స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడు చాటున గొంతు తగ్గించి మాట్లాడతారు. "పోలీసులు వద్దక్కా, ఆయన కొట్టడం మానేస్తే చాలు" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. భర్త జైలుకు వెళితే తన వీసా ఏమవుతుందో, ఊళ్లో అమ్మానాన్నలు ఏమంటారో అన్నది వాళ్ల భయం. ఆదివాసీ స్త్రీ భయం ఇంకా లోతైనది. పోలీసులను పిలిస్తే పిల్లలను ప్రభుత్వం తీసుకుపోతుందేమోనన్న భయం ఆమె కుటుంబ చరిత్రలోనే ఉంది. తానే ఖైదీ కావచ్చన్న భయం కూడా ఉంది. 2014 ఆగస్టులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని సౌత్ హెడ్‌లాండ్‌లో, హింస నుంచి కాపాడడానికి ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఒక వ్యక్తి ఉల్లంఘించాడన్న సమాచారంతో వెళ్లిన పోలీసులు, జరిమానాలు కట్టలేదని అతని భాగస్వామి అయిన 22 ఏళ్ల ఆదివాసీ (యమాజీ) యువతిని కూడా అరెస్టు చేశారు. ఆమె వాళ్ల కస్టడీలోనే మరణించింది. కుటుంబం కోరిక మేరకు ఆమెను మిస్ ధూ అనే పిలుస్తారు. ఆ కథ తెలిసిన ఇంట్లో ఏ ఆడది ధైర్యంగా పోలీసులకు ఫోన్ చేస్తుంది?

అలాగని మారంగుకా పోలీసులను దూరం పెట్టలేదు, శిక్షను వద్దనలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ మనిషిని ఆ ఇంటి నుంచి తప్పించక తప్పదు. ముందుజాగ్రత్త పేరుతో ఆ మాట దాటవేసేవారిని నేను నమ్మను. ఇక్కడ జరిగిందేమిటంటే, పోలీసులు, సేవా సంస్థలు, సంఘ పెద్దలు రోజూ ఉదయం కలిసి ముందు రోజు ఊళ్లో ఏం జరిగిందో మాట్లాడుకునే అలవాటు ఏర్పడింది. ఆ సమావేశంలో నేను కూర్చోలేదు. అడగనూ లేదు, ఎందుకంటే అవి పరాయివాళ్లు వినదగిన సంగతులు కావు. మగవాళ్ల కోసం వేరే కార్యక్రమం ఉంది. సెలవుల్లో పిల్లలకు వ్యాపకాలు, డ్రైవింగ్ లైసెన్సు ఇప్పించే సాయం కూడా ఉన్నాయి. బస్సు దొరకని ఊరిలో లైసెన్సు లేకుండా బండి నడపడం, పట్టుబడడం, దానితో ఉన్న పని కూడా పోవడం, ఆ చిరాకంతా ఇంట్లోవాళ్ల మీద చూపడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి కనుక ఆ సాయాన్ని చిన్నదిగా చూడకూడదు.

ఫలితాలకు వస్తే, ఆడిట్, సలహా సేవలు చేసే కేపీఎంజీ సంస్థ 2018లో విడుదల చేసిన అంచనా ప్రకారం 2016తో పోలిస్తే 2017లో పోలీసులు నమోదు చేసిన గృహహింస నేరాల రేటు 23 శాతం తగ్గింది. పెద్దవాళ్లు నిర్బంధంలో గడిపిన రోజులు 42 శాతం తగ్గాయి. పన్నెండో తరగతి దాకా చదువు కొనసాగించిన విద్యార్థుల శాతం 31 శాతం పెరిగింది. ఆ ఒక్క ఏడాదిలో కలిగిన ప్రయోజనం 31 లక్షల డాలర్లని, అది నిర్వహణ ఖర్చుకు ఐదింతలని లెక్కగట్టారు. జైలు రోజులూ ఇంటి హింసా ఒకే ఏడాదిలో కలిసి తగ్గడం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మనుషులను బయట ఉంచితే ఆడవాళ్లకు ముప్పు పెరుగుతుందన్న వాదనకు ఇది గట్టి జవాబు.

అయినా ఇక్కడ నాకు సందేహాలున్నాయి. ఇది ఒక ఏడాదికీ మరో ఏడాదికీ మధ్య పోలిక మాత్రమే. ఇంత చిన్న ఊరిలో నాలుగైదు కుటుంబాలు కుదుటపడినా, వలస వెళ్లినా శాతాలు మారిపోతాయి. పైగా అది పోలీసుల దాకా వచ్చిన హింస లెక్క. పశ్చిమ ఆస్ట్రేలియాలో కింబర్లీ ప్రాంతంలోని ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్‌లో 2007లో జూన్ ఆస్కార్, ఎమిలీ కార్టర్ వంటి ఆదివాసీ మహిళలు పట్టుబట్టి ఇంటికి తీసుకుపోయే ఘాటైన మద్యం అమ్మకాలను కట్టడి చేయించిన తర్వాత, మద్యం వల్ల ఆసుపత్రికి వచ్చేవారు తగ్గినా గృహహింస ఫిర్యాదులు మాత్రం పెరిగాయి. చెప్పుకునే తెరిపి దొరికితే ఫిర్యాదు పెరుగుతుంది, కాబట్టి పెరగడమంతా చెడూ కాదు, తగ్గడమంతా మంచీ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన కాలం ఎరిగిన తెలుగువారికి ఫిట్జ్‌రాయ్ మహిళల పట్టుదల కొత్తగా అనిపించదు. చట్టం కావాలని అక్కడా ఇక్కడా ఆడవాళ్లే అడిగారు. ఎవరో తెచ్చి నెత్తిన రుద్దలేదు.

ఇటువంటి సేవ మన ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేస్తుందా అని నన్ను అడిగితే, ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టవద్దని చెబుతాను. బర్క్ పెద్దలు తమ ఊరిని ఎరిగి కట్టుకున్నది ఇది. కానీ ఫిర్యాదు వచ్చిన రెండు రోజుల్లోగా ఆ గుమ్మం మళ్లీ తొక్కాలన్న నియమానికి పెద్ద నిధులు అక్కర్లేదు. మా సంస్థలో కూడా మొదటి ఫోన్ తర్వాత రెండో రోజున మేమే, ఆమె చెప్పిన సురక్షితమైన వేళకు, తిరిగి పలకరించాలని నియమం పెట్టుకున్నాము.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. మిగిలిన ఆ ఒక్కటి బర్క్ మహిళల చేతిలో ఉంచుతున్నాను. నేను చదివిన అంకెలన్నీ పోలీసు పుస్తకాల నుంచి, బడి హాజరు పట్టీల నుంచి, జైలు రోజుల నుంచి వచ్చినవి. రాత్రి తలుపు గడియ పెట్టుకున్నాక నిబ్బరంగా నిద్రపోతున్నామని వాళ్లలో ఎంతమంది చెబుతారో, అది ఏటేటా వాళ్లనే అడిగి, వాళ్లే రాసిన లెక్క నేను చూడాలనుకుంటున్నాను.