'మేక్ వే ఫర్ డక్లింగ్స్' ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు చూసి కొనండి, నాకు డూప్లికేట్ అంటగట్టారు

పిల్లలకి ఈ బాతుల పుస్తకం కొందామనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. మా అక్కావాళ్ళు బోస్టన్‌లో ఉంటారు, అక్కడ పబ్లిక్ గార్డెన్‌లో ఈ కథలోని బాతులకి 1987లో కంచు విగ్రహాలు పెట్టారు, వాళ్ళబ్బాయి వాటి మీదెక్కి దిగిన ఫోటో చూసి మా పాప ఒకటే గొడవ, సరే అని పేపర్‌బ్యాక్ తక్కువ రేటుకి కనపడితే ఆర్డర్ పెట్టా. వచ్చింది పక్కా పైరసీ.

కవర్ బానే ఉంది, లోపలంతా జిరాక్స్. ఈ కథ రాసిన రాబర్ట్ మెక్లాస్కీయే 1941లో వేసిన ఈ బొమ్మలు రంగుల్లో ఉండవు, పుస్తకం మొత్తం గోధుమ రంగు ఇంకులోనే ఉంటుంది, అందమంతా అదే. ఆయన నిజం బాతుల్ని ఇంట్లో పెట్టుకుని మరీ గీశాడు, మాకొచ్చిన దాంట్లో ఆ ఈకలన్నీ మసి పూసినట్టున్నాయి. కాల్డెకాట్ మెడల్ (అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే అవార్డు) దీనికి ఇచ్చిందే బొమ్మలకి, ఆ బొమ్మలే పోయాక ఇంకేం చూపిస్తాం పిల్లలకి?

ఇంకా ఘోరం రోడ్డు దాటే పేజీ. పోలీసు మైకేల్ కార్లన్నీ ఆపితే తల్లి బాతు పిల్లల్ని వెంటేసుకుని వెళ్తుంది కదా, అక్కడ బైండింగ్ గమ్ము సగం బొమ్మని మింగేసింది. పాప వేలు పెట్టి జాక్, కాక్, లాక్ అని లెక్కపెడుతూ "మిగతావాళ్ళేరమ్మా?" అంటోంది.

రిటర్న్ పెడితే సెల్లర్ చాట్‌లో ఏమన్నాడో తెలుసా, "చదవడానికి వస్తోంది కదా మేడమ్" అంట! అక్షరాలొస్తున్నాయిలే నాయనా, బాతులే రావట్లేదు.

స్టార్లు చూసి అస్సలు మోసపోవద్దు, హార్డ్‌కవర్ కొన్నవాళ్ళ రివ్యూలు కూడా కలిపి ఇదే పేజీలో చూపిస్తున్నారు, పొగిడిన వాళ్ళు అసలు ఈ సెల్లర్ దగ్గర కొననేలేదు. కొనేముందు లోపలి పేజీ ఫోటో అడగండి, నల్లగా ఉంటే వదిలెయ్యండి. సైజు కూడా చూడండి, ఒరిజినల్ బాగా పెద్దది, నాకొచ్చింది స్కూల్ నోట్‌బుక్కంత ఉంది, కాపీరైట్ పేజీ అయితే అసలు లేనేలేదు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నా రిఫండ్ ఆ వీడియో పంపాకే కదిలింది, డబ్బులైతే ఇంకా పడలేదు.

హైదరాబాద్‌లో ఒరిజినల్ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి ప్లీజ్, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, బాతుపిల్లలు ఎనిమిదీ ఉంటే చాలు.