గెలాక్సీ గుచ్ఛాలను తూచే సీఎల్ఎంఎం: ఏడాది వాడాక నా అభిప్రాయం

ఎమ్మెస్సీ భౌతిక శాస్త్రం చివరి ఏడాది విద్యార్థుల ప్రాజెక్టుల కోసం ఏడాదిగా నేను సీఎల్ఎంఎం (CLMM) అనే సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాను. చిలీలోని వెరా రూబిన్ వేధశాల సర్వే కోసం ఏర్పడిన డార్క్ ఎనర్జీ సైన్స్ కొలాబరేషన్ అనే శాస్త్రవేత్తల బృందం దీన్ని పైథాన్‌లో రాసి, మూలకోడ్‌తో సహా ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచింది. దీన్ని పరిచయం చేసిన పరిశోధన పత్రం 2021లో వెలువడింది. ఒక గెలాక్సీ గుచ్ఛం (గురుత్వాకర్షణతో కలిసి ఉండే గెలాక్సీల గుంపు) వెనక కనిపించే గెలాక్సీల ఆకారాలు, వాటి దూరాన్ని సూచించే రెడ్‌షిఫ్టులు ఉన్న పట్టికను ఇస్తే, బలహీన గురుత్వ లెన్సింగ్, అంటే గురుత్వం వల్ల కాంతి కొద్దిగా వంగడం, ద్వారా ఆ గుచ్ఛం ద్రవ్యరాశిని రాబట్టడానికి కావలసిన లెక్కలను ఇది చేసిపెడుతుంది.

ఈ కొలత ఎంత సున్నితమైనదో తెలిస్తేనే సాధనం విలువ తెలుస్తుంది. గుచ్ఛం గురుత్వాకర్షణ వెనకనుంచి వచ్చే కాంతిని వంచడం వల్ల, అక్కడి గెలాక్సీల బొమ్మలు గుచ్ఛం కేంద్రం చుట్టూ స్పర్శరేఖ దిశలో కొద్దిగా సాగుతాయి. ఆ సాగుదల సాధారణంగా కొన్ని శాతాలకు మించదు. గెలాక్సీలు పుట్టుకతోనే కోలగా ఉంటాయి, ఆ సహజమైన కోలదనం సుమారు 0.3 ఉంటుంది. అంటే ఏ ఒక్క గెలాక్సీని చూసినా మనకు ఏమీ తెలియదు. 900 గెలాక్సీల సగటు తీస్తే ఆ గందరగోళం 0.01కి తగ్గి, అప్పుడు గుచ్ఛం జాడ పైకి తేలుతుంది. టైసన్, వాల్డెస్, వెంక్ 1990లో ఈ జాడను తొలిసారి పట్టుకున్నారు. వెలుగునిచ్చే పదార్థంతో పాటు కంటికి కనిపించని కృష్ణ పదార్థాన్నీ కలిపి, గుచ్ఛం సమతౌల్యంలో ఉందా లేదా అన్న ఊహ అవసరం లేకుండా తూచే పద్ధతి కాబట్టే దీనిపై నాకు ఇంత మక్కువ.

సీఎల్ఎంఎం పని రెండు భాగాలు. మొదటిది, ప్రతి గెలాక్సీ కోలదనాన్ని స్పర్శరేఖ దిశలోనూ, దానికి 45 డిగ్రీల వాలులోనూ విడదీసి, కేంద్రం నుంచి దూరాన్ని బట్టి వలయాలుగా సగటు తీయడం. రెండవది, ఇంత ద్రవ్యరాశి ఉన్న గుచ్ఛం ఏ దూరంలో ఎంత సాగుదల కలిగించాలో సిద్ధాంతపరంగా లెక్కించడం. ఈ రెండవ పనికి సీసీఎల్, నమ్‌కాస్మో, క్లస్టర్ టూల్‌కిట్ అనే మూడు వేర్వేరు గణన గ్రంథాలయాల్లో (ముందే రాసి పెట్టిన లెక్కల కోడ్ సమాహారాల్లో) మనకు నచ్చినదాన్ని వాడుకోవచ్చు. ఒకే ప్రశ్నను వాటిలో ఏ రెండింటికైనా వేసి జవాబులు పోల్చుకునే ఈ సౌకర్యాన్ని ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా వాడి తీరాలని నా నియమం.

దీనితోపాటు వచ్చే ఉదాహరణ పాఠాలు నాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చాయి. ద్రవ్యరాశి, రెడ్‌షిఫ్టు మనమే నిర్ణయించి ఒక కృత్రిమ గుచ్ఛాన్ని తయారు చేసుకుని, తర్వాత ఏమీ తెలియనట్టు దాన్ని తూచి, వచ్చిన జవాబును అసలు విలువతో సరిచూసుకోవచ్చు. నేను సూర్యుని ద్రవ్యరాశికి 10¹⁵ రెట్లున్న గుచ్ఛాన్ని 0.3 రెడ్‌షిఫ్టు వద్ద పెట్టి మొదలుపెట్టిస్తాను. ఇందులో కావాలనే తప్పు నమూనాను అమర్చి చూపే పాఠం చాలా విలువైనది. వెనకనున్న గెలాక్సీలు రకరకాల దూరాల్లో ఉన్నప్పుడు వాటన్నిటినీ వాటి సగటు రెడ్‌షిఫ్టు దగ్గరే ఉన్నట్టు భావిస్తే, ఆకార గందరగోళం లేని శుభ్రమైన దత్తాంశంలో కూడా జవాబు పక్కకు జరుగుతుంది. లెన్సింగ్ బలం దూరంతో పాటు సమానంగా పెరగదు కనుక సగటు దూరం వద్ద బలం, బలాల సగటు కంటే ఎక్కువగా ఉంటుంది. ఫలితంగా ద్రవ్యరాశి తక్కువగా తేలుతుంది. నేను బోర్డు మీద గంటసేపు చెప్పినా నాటుకోని ఈ విషయం ఆ పాఠంలోని ఒక్క గ్రాఫుతో విద్యార్థుల మనసుకు ఎక్కింది.

ప్రమాణాల విషయంలో చూపిన శ్రద్ధ కూడా మెచ్చుకోదగినది. ఈ రంగంలో కొందరు ద్రవ్యరాశిని విశ్వ విస్తరణ రేటును సూచించే హబుల్ పరామితి హెచ్‌తో కలిపి రాస్తారు, కొందరు అది లేకుండా రాస్తారు. హెచ్ విలువ 0.7 అయినప్పుడు ఆ ఒక్క పొరపాటుతో జవాబు సుమారు 43 శాతం మారిపోతుంది. సీఎల్ఎంఎం హెచ్ లేని ప్రమాణాలనే వాడుతూ, లోపలి గ్రంథాలయాల భిన్నమైన అలవాట్లను తానే సర్దుబాటు చేసుకుంటుంది. గుచ్ఛం అంచును విశ్వంలోని పదార్థపు సగటు సాంద్రతకు 200 రెట్ల వద్ద గీయాలా, సందిగ్ధ సాంద్రతకు (క్రిటికల్ డెన్సిటీ, అంటే విశ్వం జ్యామితీయంగా చదునుగా ఉండటానికి కావలసిన సాంద్రతకు) 200 రెట్ల వద్ద గీయాలా అన్నదాన్ని మాత్రం వాడేవారే చూసి ఎంచుకోవాలి. 0.3 రెడ్‌షిఫ్టు వద్ద మొదటిది రెండవదానిలో సుమారు సగమే ఉంటుంది, కనుక అదే గుచ్ఛానికి రెండు ద్రవ్యరాశులు వస్తాయి.

అయితే పట్టికలోని తప్పును ఏ సాధనమూ మన తరఫున కనిపెట్టదు. కిందటి సెమిస్టరులో మా విద్యార్థిని ఒక పట్టికను తీసుకుని లెక్క కడితే గుచ్ఛం జాడే కనిపించలేదు. నిజమైన లెన్సింగ్‌లో 45 డిగ్రీల భాగం సగటున సున్నాగా ఉండాలన్న పరీక్షలో మాత్రం పట్టిక చక్కగా నెగ్గింది. రెండు వారాల తర్వాత తెలిసిందేమంటే, ఆ పట్టికలో కోలదనాన్ని తెలిపే రెండు అంకెల్లో రెండవదానికి వాడిన ప్లస్-మైనస్ గుర్తు, లెక్కలో మేం అనుకున్నదానికి వ్యతిరేకం. అలా తిరగబడినప్పుడు స్పర్శరేఖ దిశలోని జాడ కోణంతో పాటు నాలుగు సార్లు పైకీ కిందికీ ఊగి, వలయం మొత్తం మీద సున్నా అయిపోతుంది. 45 డిగ్రీల భాగం కూడా సరిగ్గా అలాగే సున్నా అవుతుంది. కాబట్టి ఆ పరీక్షలో నెగ్గినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ఇటీవలి కూర్పుల్లో నిరూపక వ్యవస్థను స్పష్టంగా పేర్కొనే ఏర్పాటు ఉంది, దాన్ని మొదటి రోజే చూసుకోండి.

చిత్రాలనుంచి గెలాక్సీల ఆకారాలను కొలవడం, వాతావరణమూ టెలిస్కోపూ కలిసి బొమ్మను చెదరగొట్టే తీరును సరిదిద్దడం ఈ సాఫ్ట్‌వేర్ పని కాదు. గుచ్ఛంలోని సొంత గెలాక్సీలు వెనకవాటితో కలిసిపోతే జాడ పలచబడి ద్రవ్యరాశి తగ్గుతుంది. దానికి సవరణ సూత్రాలు ఇందులో ఉన్నాయి గాని, ఎంత కలిసిందో నిర్ణయించే బాధ్యత మనదే. ప్రాథమిక నమూనాలు గుచ్ఛాన్ని గోళంగా భావిస్తాయి. నిజమైన గుచ్ఛాలు కోలగా ఉంటాయి, వాటి ముందూ వెనకా ఇతర పదార్థం ఉంటుంది, అందువల్ల ఒక్కొక్క గుచ్ఛం ద్రవ్యరాశిలో సుమారు 20 శాతం అనిశ్చితి మిగులుతుంది. సాధారణ అమరికతో వచ్చే దోషపు గీతల్లో (ఎర్రర్ బార్లలో) అది చేరి ఉండదని విద్యార్థులకు ముందే చెప్పాలి.

పైథాన్ కొంత వచ్చి, విశ్వోద్భవ శాస్త్రంలో ఒక కోర్సు చదివిన వారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. స్థాపించేటప్పుడు గణన గ్రంథాలయాల్లో ఒకదాన్ని ముందుగా కాండా అనే స్థాపన సాధనంతో పెట్టుకుంటే పని సులువవుతుంది. కృత్రిమ గుచ్ఛం మీద మూడు వారాలు గడిపి, అసలు విలువ ఎన్నిసార్లు దోషపు గీతల లోపల పడుతోందో లెక్కపెట్టుకున్న తర్వాతే, సుబారు టెలిస్కోపుకు చెందిన హైపర్ సుప్రీం క్యామ్ కెమెరా బహిరంగ దత్తాంశంతో చేసే ఉదాహరణను తెరవండి.